ఆయన తల ఊపలేదు

ఈ మధ్య గుడివాడ నుంచి ఒకావిడ నన్ను వెతుక్కుంటూ బందరు వచ్చింది. అంతకు ముందు నేనామెను ఎప్పుడూ చూడలేదు. వాకిట్లో చెప్పులు విప్పుతూనే, "మీ ఆయనకి మాట ముద్దగా వచ్చేదట కదా అక్కయ్యగారూ! మా ఆయనకీ అలాగే వస్తోందండీ. అందరూ తాగుతున్నాడంటున్నారు" అని ఏడ్చింది. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, నాకు తెలిసిందంతా చెప్పి పంపించాను. ఆమె వెళ్లాక నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లయినా మనవాళ్లకు తెలిసిన రోగం ఇదొక్కటేనా? మనిషి నాలుక తడబడితే సారా తప్ప ఇంకో కారణం తోచదా? అందుకని రాస్తున్నాను. ఓదార్పు కోసం చదివేవాళ్లకు ఇందులో అది కొంచెమే దొరుకుతుంది. కోపం మాత్రం కావలసినంత ఉంది.

నా పేరు కరుణమ్మ. పేరుకు తగ్గట్టు ఉండడం నాకెప్పుడూ చేతకాలేదు. మునిసిపల్ స్కూల్లో చిన్న తరగతులకు పాఠాలు చెబుతాను. మా ఆయన పేరు జీవరత్నం. గుడివాడ నుంచి బందరుకు తిరిగే ఒక ప్రైవేటు బస్సులో కండక్టరు. సొంతూరు దివిసీమ, పులిగడ్డ దాటి లోపలికి వెళ్లాలి. మాకు పిల్లలు లేరు. మా అత్తయ్య సంతోషమ్మ కొన్నాళ్లు ఆ ఊళ్లో, కొన్నాళ్లు మా దగ్గర ఉండేది.

ఆయనకున్న ఆస్తి ఆ గొంతే. బస్సు కదిలిందంటే "కవుతరం, వడ్లమన్నాడు, పెడన, బందరు!" అని ఆయన వేసే కేక రైలు గేటు అవతలికి వినిపించేదని డ్రైవరు వీర్రాజు చెప్పేవాడు. ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తేదీ ఆయనే. గొంతు సవరించుకోవడం, శ్రుతి చూసుకోవడం అంటూ ఏమీ ఉండేవి కావు. లేచి నిలబడి ఎత్తేవాడు, మిగతావాళ్లు అందుకోవలసిందే. ఇంట్లో మాత్రం ఆ గొంతు నన్ను ఆటపట్టించడానికే పనికొచ్చేది. కూరలో ఉప్పు మరిచిపోతే చాలు, "కరుణా, నన్ను కరుణించు" అని ప్రార్థన బాణీలో రాగం తీసేవాడు. నేను గరిటె చూపించేదాన్ని.

1957 చివర్లో, క్రిస్మస్ పనుల్లో మునిగి ఉన్నప్పుడు, తేడా మొదలైంది. వడ్లమన్నాడు అన్న ఊరి పేరు ఆయన నోట్లో నలిగిపోయేది. ముందు పన్ను నొప్పి అనుకున్నాం, తర్వాత చలి అనుకున్నాం. "నాలిక్కి బద్ధకం వచ్చింది, దానికీ ఒక రోజు సెలవు కావాలేమో" అని నవ్వేశాడు. కొత్త సంవత్సరం ఆరాధనలో కీర్తన ఎత్తితే, రెండో చరణం దగ్గర మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ముందు బెంచీల్లో వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆ చూపులు నాకు ఇప్పటికీ గుర్తే. ఎవరి ముఖంలోనూ అయ్యో అన్న భావం లేదు.

అవి మద్య నిషేధం రోజులు. అంటే సారా లేదని కాదు, దొంగచాటుగా ఉండేదని. దొంగచాటుగా ఉన్నదానికోసం అందరూ అందరి నోళ్లవైపూ చూస్తుండేవాళ్లు. ఆయన జీవితంలో చుక్క ముట్టలేదు. వాళ్ల నాన్న తాగి తాగి చచ్చాడు. ఆ తాగుడు చూసి పెరిగినవాడు కనుకనే ఆయనకు ఆ వాసనంటేనే అసహ్యం. కాని లోకానికి అది వేరేలా కనిపించింది. తండ్రి తాగాడు కాబట్టి కొడుకూ తాగుతాడని తేల్చేశారు.

బస్సులో ప్రయాణికులు తాము దిగవలసిన ఊరు దాటిపోయామని గొడవ చేయడం మొదలుపెట్టారు. వీర్రాజు మనసున్న మనిషి. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, తల కిటికీలోంచి బయటపెట్టి తనే ఊళ్ల పేర్లు అరిచేవాడు. "నువ్వు టిక్కెట్లు కొయ్యి బావా, అరుపులు నాకొదిలెయ్" అనేవాడు. కులం వేరు, మతం వేరు, అయినా మొదటి రోజు నుంచీ బావా అనే పిలిచేవాడు. అలా కొన్ని నెలలు సాగింది. ఒకరోజు బస్సు ఓనరు షెడ్డుకొచ్చి ఆయన్ను ఏదో అడిగాడు. ఆయన జవాబు విని ముక్కు మూసుకున్నాడు. "నా బండి మీద ఇలాంటోళ్లు వద్దు" అని సంచీ లాక్కున్నాడు. ఆయన నోట్లో నాలుకకు బదులు పిండిముద్ద ఉన్నట్టు మాట వచ్చేది. ఆ మాటతో తనను తాను ఎలా సమర్థించుకుంటాడు?

మా సంఘ పెద్ద ఆశీర్వాదం గారు. కోర్టులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మా ఆయనకు వరసకు మావయ్య. మా పెళ్లి కుదిర్చింది కూడా ఆయనే. ఉద్యోగం పోయిన వారంలో మా ఇంటికి వచ్చి, మా ఆయన్ను గుమ్మంలోనే కౌగిలించుకున్నారు. ఎన్నడూ లేని ప్రేమ ఏమిటా అని చూస్తే, ఆయన ముక్కు మా ఆయన నోటి దగ్గర ఉంది. వాసన చూస్తున్నారు. వాసన రాలేదు. రాకపోయేసరికి కాసేపు ఆలోచించి, "లవంగాలు నములుతున్నావా అబ్బాయ్?" అని అడిగారు.

"రాని వాసనకు కూడా మా ఆయనే జవాబు చెప్పాలా మావయ్యగారూ?" అన్నాను.

"నువ్వు లోపలికెళ్లమ్మా. మగవాళ్లం మాట్లాడుకుంటున్నాం" అన్నారు.

నేను లోపలికి వెళ్లలేదు. మా పేటలో నన్ను గయ్యాళి అనడం ఆ రోజు నుంచే మొదలైంది. అననివ్వండి.

తెలియనివాళ్ల కోసం ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా సంఘంలో నెలకొకసారి ప్రభువు బల్ల ఉంటుంది. అందరూ ముందుకు వెళ్లి మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. ఎవరైనా తప్పు చేశారని కమిటీ నమ్మితే వాళ్లను బల్ల నుంచి ఆపేస్తారు. ఆపేసిన మనిషి చివరి బెంచీలో కూర్చోవాలి, బల్ల మొదలయ్యేసరికి లేచి బయటకు వెళ్లిపోవాలి. మళ్లీ రావాలంటే, సంఘమంతా చూస్తుండగా ముందుకొచ్చి ఒప్పుకోలు చెప్పాలి. ఒప్పుకోలు చెప్పకుండా చచ్చిపోతే గంట కొట్టరు, శవాన్ని చర్చిలోకి రానివ్వరు, సమాధుల దొడ్డిలో చోటివ్వరు. మా ఆయన్ను అలా ఆపేశారు. తాగి బస్సెక్కుతున్నాడని, తాగి కీర్తన ఎత్తాడని.

ఉద్యోగం పోయినందుకు ఆయన అంతగా కుంగలేదు. దీనికి కుంగిపోయాడు. ఎప్పుడూ మొదటి బెంచీలో కూర్చునే మనిషి చివరి బెంచీలోంచి లేచి, చెప్పులు వెతుక్కుంటూ ఎండలోకి వెళ్లిపోవడం చూసి నేనూ లేచి ఆయన వెంట బయటకు నడిచాను. ఆయన్ను పిలవని బల్ల నాకూ వద్దు. ఇంటికొచ్చాక ఆయన నన్ను తిట్టాడు. "నువ్వెందుకు రావడం? ఇద్దరం తాగామనుకుంటారు" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి రెండుసార్లు చెప్పించుకోవలసి వచ్చింది.

మా అత్తయ్య రోజూ ఒకటే పోరు. "తాగానని ఒక్క మాట చెప్పెయ్యరా నాయనా. పోయేదేముంది? పెద్దోళ్లతో మనకెందుకు?" ఆమె భయం ఆమెది. మొగుణ్ణి సమాధుల దొడ్డి బయట పూడ్చారు. కొడుకు గతీ అంతేనేమోనని ఆమె గుండె దడ. ఆ భయం నాకు అర్థమయ్యేది, ఆ మాట మాత్రం ఒంటికి కారం రాసినట్టుండేది.

చివరికి ఆయన మెత్తబడ్డాడు. 1958 వేసవిలో, ఈస్టరు వెళ్లిన తర్వాత, ఒప్పుకోలు చెబుతానన్నాడు. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. "చెయ్యని తప్పు ఎలా ఒప్పుకుంటారు?" అన్నాను. "నాకు బల్ల కావాలి కరుణా" అన్నాడు. కోపం తెచ్చుకోవడానికైనా ఎదుటి మనిషి కాస్త ఎదురు చెప్పాలి కదా, ఆయన అదీ చేయలేదు.

ఆ ఆదివారం చర్చి నిండిపోయింది. క్రిస్మస్ రోజున రానివాళ్లు కూడా వచ్చారు. ఆయన ఉతికిన పంచె, తెల్ల చొక్కా వేసుకుని ముందుకు వెళ్లి నిలబడ్డాడు. "నేను తాగాను, సంఘం నన్ను క్షమించాలి" అని చెప్పాలి, అంతే. నోరు తెరిచాడు. వచ్చిన శబ్దంలో ఒక్క అక్షరం కూడా అక్షరంలా లేదు. నోటి చివర నుంచి చొంగ కారింది. పిల్లలెవరో కిసుక్కుమన్నారు. అప్పుడు మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆగలేదు. భుజాలు కదిలిపోయేలా, కళ్లలో నీళ్లు కారుతూ, గోడ పట్టుకుని నవ్వాడు. అందులో సంతోషం లేదు. నేను చూస్తున్నాను, ఆ కళ్లలో భయం తప్ప ఇంకేమీ లేదు. నవ్వు ఆయన్ను పట్టుకుంది, ఆయన దాన్ని విడిపించుకోలేకపోతున్నాడు.

"చూశారా? తాగానని చెప్పడానికి కూడా తాగొచ్చాడు" అన్నారు ఆశీర్వాదం గారు.

చర్చి గొల్లుమంది. ఇద్దరు మా ఆయన రెక్కలు పట్టుకుని బయటకు నడిపించారు. బయట మెట్ల మీద కూర్చోబెట్టాక ఆ నవ్వు ఏడుపైంది. అదీ అంతే, ఆగలేదు. రోడ్డున పోయేవాళ్లు నిలబడి చూశారు. కొంగుతో ఆయన ముఖం తుడిచి, వాళ్లందరి వైపూ తిరిగి, "చూడ్డానికి బుద్ధిలేదా?" అని అరిచాను. బుద్ధి ఉన్నవాళ్లు వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు నిలబడ్డారు.

ఆ తర్వాత మా ఇంటికి ఎవరూ రాలేదు. ఒక్క పాలమనిషి మాత్రం తెల్లవారగానే గిన్నెలో పాలు పోసి, "అయ్యకి కాస్త మీగడ పెట్టమ్మా, పొలమారదు" అని చెప్పేది. నీళ్లు తాగితే పొలమారుతోందని ఆమె ఎప్పుడు గమనించిందో నాకు తెలియదు. ఇంతమంది పెద్దలు చూడనిది ఆమె చూసింది.

బందరులో చూపించిన డాక్టరు బలానికి సూదులు వేశాడు. బలం రాలేదు సరికదా కుడిచేతి బొటనవేలు దగ్గర కండ కరిగి గుంట పడింది. చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నాడు. 1959 మొదట్లో, స్కూలుకు సెలవు పెట్టి, నేనే ఆయన్ను మద్రాసు తీసుకెళ్లాను. బెజవాడలో రైలు మారి, కూర్చునే వెళ్లాం.

ఆ పెద్దాసుపత్రి వరండాలో బల్లల మీద కూర్చున్న జనాన్ని చూస్తే, లోకంలో బాగున్నవాళ్లు ఎవరైనా మిగిలారా అనిపించింది. మాకు అరవం రాదు. నా పక్కన ఒక అరవావిడ, తన కూతురి కాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం డబ్బా విప్పి పెరుగన్నం తింటూ, మా ఆయన గుటక వేయడానికి పడే అవస్థ చూసింది. ఏమీ అనకుండా, తన అన్నాన్ని వేళ్లతో మెత్తగా పిసికి జావలా చేసి ఆకులో పెట్టి నావైపు జరిపింది. మా ఆయన అది పొలమారకుండా తిన్నాడు. నేను దండం పెడితే ఆమె నవ్వింది. ఒకరి భాష ఒకరికి తెలియని ఆ వరండాలో మాకు దొరికినంత గౌరవం బందరులో మా బంధువుల మధ్య దొరకలేదు.

డాక్టరుగారు ముసలాయన. నాలుక చాపమన్నారు. లైటు వేసి చాలాసేపు చూశారు. నన్ను దగ్గరకు పిలిచి చూడమన్నారు. మా ఆయన నాలుక అంచులు అరిగి, దాని మీద కండ ఎక్కడికక్కడ సన్నగా అదురుతోంది. ఆయన కదిలించడం లేదు, అదే అదురుతోంది. నెల్లూరు వైపు నర్సు ఒకమ్మాయి మాకు తెలుగులో చెబుతూ ఉంది.

"నవ్వొచ్చినా ఏడుపొచ్చినా ఆపుకోలేకపోతున్నారా అని అడుగుతున్నారండీ."

"అదీ జబ్బేనా?" అన్నాను.

"జబ్బేనంటండీ. ఆయన చేతిలో లేదంట."

ఇలాంటి చోట భార్యలు మొదట ఏం అడుగుతారో నాకు తెలుసు. ఎన్నాళ్లు బతుకుతారని. నేను అది అడగలేదు. "తాగితే వస్తుందా ఇది?" అని అడిగాను. డాక్టరుగారు తల అడ్డంగా ఊపి, కాదని ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పారు. ఆ మాటకు నర్సు అవసరం కలగలేదు. ఎందుకొస్తుందో ఎవరికీ తెలియదట. మందు లేదట. ఒక్కొక్క కండే వదులవుతూ పోతుంది, బుద్ధి మాత్రం చివరిదాకా చెక్కుచెదరదట. మోటార్ న్యూరాన్ జబ్బు అన్నారు. ఏ.ఎల్.ఎస్. అని కూడా దీనికే పేరుందని తర్వాత విన్నాను. పేరు ఏదైతేనేం, మా ఆయన తాగలేదు. చావు కబురు విని ఊపిరి పీల్చుకున్న భార్యను నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇక్కడ గుడివాడ ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. మాట ముద్దగా వస్తున్నా, నీళ్లు పొలమారుతున్నా, సందర్భం లేకుండా నవ్వో ఏడుపో ముంచుకొస్తున్నా, దయచేసి ఆ మనిషి నోరు వాసన చూడకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. జబ్బు నయం కాకపోవచ్చు. కనీసం ఆ మనిషి దోషిగా చావడు.

తిరిగొచ్చిన ఆదివారమే కమిటీ ముందుకు వెళ్లాను. డాక్టరు అన్నదంతా చెప్పాను. పాస్టరుగారు మంచివారే, కాని మెత్తని మనిషి. ఆశీర్వాదం గారి వైపు చూశారు. ఆశీర్వాదం గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "నరాలు పోయాయంటున్నారు కదమ్మా. మరి తాగి తాగేగా నరాలు పోయేది?" అన్నారు.

"కాదని డాక్టరుగారే చెప్పారు మావయ్యగారూ."

"డాక్టరుకేం తెలుసమ్మా వాళ్ల నాన్న సంగతి? నీ మంచి కోరి చెబుతున్నాను. ఒప్పుకోలు ఒకటి సరిగ్గా చెప్పించు. బల్లకు పిలుస్తాం. ఆ తర్వాత అంతా దేవుడే చూసుకుంటాడు."

"దేవుడు చూస్తూనే ఉన్నాడు. ముందు మీరు చూడండి" అని లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన పలక అందుకున్నాడు. స్కూలు నుంచి తెచ్చి ఇచ్చిన పలక అది. అప్పటికి ఎడమచేత్తో వంకరటింకరగా రాయగలిగేవాడు. "ఒకసారి అబద్ధం చెప్పబోయాను. నోరే రానివ్వలేదు. ఇక చెప్పను. నేను పోయినా నువ్వు నా బదులు చెప్పకు" అని రాశాడు. నేను చదివేదాకా ఉండి, చెరిపేసి, కింద ఇంకోటి రాశాడు. "మావయ్యను కొట్టావా?" అని. లేదన్నాను. నిరాశగా ముఖం పెట్టాడు.

ఆ సంవత్సరమంతా పోతూ ఉండడమే. పలక పోయింది, చెంచా పోయింది, నడక పోయింది. రాగిజావ ఒక్కొక్క చుక్కగా పోస్తూ గంటలు గడిచేవి. నా సహనం ఎంత చిన్నదో నాకు తెలుసు కాబట్టి, పోసేముందు వీధి గుమ్మం మూసేసేదాన్ని. పొలమారి ఆయన ముఖం నల్లబడినప్పుడల్లా నాకు ప్రాణం పోయేది, ఆయన తేరుకోగానే కోపం వచ్చేది. ఎవరి మీదో తెలియదు. గోడలను తిట్టేదాన్ని. మా అత్తయ్య గోడలకు బదులు నన్ను తిట్టేది. మేమిద్దరం అరుచుకుంటుంటే ఆయన కళ్లు ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు తిరుగుతూ, ఉన్నట్టుండి నవ్వు వచ్చేది. ఆ నవ్వు జబ్బుదో ఆయనదో మాకు తెలిసేది కాదు. దాంతో మా పోట్లాట ఆగిపోయేది.

వీర్రాజు వారానికోసారి వచ్చి గడ్డం గీసేవాడు. గీస్తూ బస్సు కబుర్లు చెప్పేవాడు, కొత్త కండక్టరు గొంతు పిల్లి గొంతని వెక్కిరించేవాడు. చివరికి ఆయన దగ్గర మిగిలినవి కళ్లు. పైకెత్తితే అవును, గట్టిగా మూస్తే కాదు. మెడ కూడా నిలిచేది కాదు. తల దానంతట అదే ఎదురు రొమ్ము మీదికి వాలిపోయి ఊపిరి ఆడేది కాదు. అందుకని పడక కుర్చీలో కూర్చోబెట్టి, నుదుటి మీదుగా తువ్వాలు తిప్పి, కుర్చీ వెనక పట్టెకు కట్టేదాన్ని. ఆ తువ్వాలు ఉన్నంతసేపే ఆయన తలెత్తి లోకాన్ని చూసేవాడు.

1960 వేసవిలో ఒక సాయంత్రం పెద్దలు వచ్చారు. మా అత్తయ్యే వెళ్లి బతిమాలి పిలుచుకొచ్చిందని తర్వాత తెలిసింది. పాస్టరుగారి చేతిలో రొట్టె, ద్రాక్షరసం ఉన్న చిన్న పెట్టె ఉంది. ఆశీర్వాదం గారు, ఇంకో ఇద్దరు ఉన్నారు. నేను వంటింట్లో జావ కాస్తున్నాను. మాటలు వినిపిస్తున్నాయి.

"ప్రార్థన చేద్దాం. తలగుడ్డ తీసెయ్యమ్మా సంతోషమ్మా. మగవాడు తల కప్పుకుని ప్రార్థనలో ఉండకూడదు."

మాలో అది ఆచారం. పొలంలో తలపాగా చుట్టుకున్నవాడు కూడా ప్రార్థన అనగానే విప్పి భుజాన వేసుకుంటాడు. ఆ తువ్వాలు ఎందుకు కట్టామో మా అత్తయ్యకు తెలుసు. అయినా పెద్దలు చెప్పారు. ఆమె చేతులు వాటంతట అవే ముడి విప్పాయి.

"నాయనా జీవరత్నం, నోటితో చెప్పక్కర్లేదు. చేసిన తప్పుకు పశ్చాత్తాపపడుతున్నావా? తల ఊపితే చాలు" అంటున్నారు ఆశీర్వాదం గారు.

నేను గరిటె పడేసి పరుగెత్తాను. గుమ్మంలోకి వచ్చేసరికి, పట్టుకునేది లేక, ఆయన తల మెల్లగా ముందుకు వాలుతోంది. గడ్డం రొమ్ముకు తగిలింది.

"ఆమెన్!" అన్నారు ఆశీర్వాదం గారు. కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "ఒప్పుకున్నాడు. దేవునికి స్తోత్రం."

నేను వాళ్లను తోసుకుంటూ వెళ్లి ఆయన గడ్డం కింద చెయ్యిపెట్టి తల ఎత్తాను. ముఖం కమిలిపోయి ఉంది. ఊపిరి అందేదాకా పట్టుకుని నిలబడ్డాను. "మళ్లీ అడగండి" అన్నాను.

"ఒకసారి అడిగాం కదమ్మా. ఆయన్ను కష్టపెట్టకు."

"అయితే నేనే అడుగుతాను. ఏవండీ, మీరు తాగారా? ఒప్పుకుంటున్నారా?"

ఆయన నా వైపు చూడలేదు. ఆ రొట్టె పెట్టె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. రెండేళ్లుగా ఆయన అడుగుతున్నది అదే, ఇప్పుడు చేతికందేంత దూరంలో ఉంది. కళ్లు ఒక్కసారి పైకెత్తితే ఆయన నోటి దగ్గరికి వస్తుంది. నేను ఆపేదాన్ని కూడా కాదు. అంత ఆకలి ఆ చూపులో ఉంది. అప్పుడు ఆయన కళ్లు మూశాడు. గట్టిగా, రెప్పల దగ్గర ముడతలు పడేలా మూశాడు. తెరిచి మళ్లీ మూశాడు.

పాస్టరుగారు చూశారు. మా అత్తయ్య చూసింది. "అలసిపోయాడు పాపం" అన్నారు ఆశీర్వాదం గారు.

"కాదంటున్నారు మా ఆయన. రొట్టె పట్టుకెళ్లండి" అన్నాను. పట్టుకెళ్లారు.

ఆ తర్వాతి ఆదివారం ఆశీర్వాదం గారు సంఘం ముందు నిలబడి, జీవరత్నం తన తాగుడు పాపాన్ని తల ఊపి ఒప్పుకున్నాడని, సంఘం అతణ్ణి తిరిగి చేర్చుకుందని ప్రకటించారు. అందరూ సంతోషంగా కీర్తన పాడారట. పక్కింటావిడ శుభవార్త అనుకుని నాకు చెప్పడానికి వచ్చింది. మా ఆయన కుర్చీలోంచి విన్నాడు. ఆ రోజంతా ఆయన కళ్లు తెరవలేదు. నేను ఏమడిగినా తెరవలేదు.

వానలు మొదలయ్యాక పోయాడు. మధ్యాహ్నం, నా చెయ్యి గడ్డం కింద ఉండగానే ఊపిరి ఆగింది. నేను ఏడవడం మొదలుపెట్టేలోపే చర్చి నుంచి కబురొచ్చింది. గంట కొడతారట. లోపలికి తీసుకొస్తారట. సమాధుల దొడ్డిలో చోటు చూశారట. ఆశీర్వాదం గారు స్వయంగా వచ్చారు.

"అన్నీ నేను చూసుకుంటానమ్మా. పశ్చాత్తాపపడ్డ మనిషికి ఏ లోటూ రానివ్వను" అన్నారు.

ఆయన నాకు మేలే చేస్తున్నాననుకున్నారు. అదే నేను క్షమించలేనిది. "ఆయన తల ఊపలేదు మావయ్యగారూ. మెడ నిలవక వాలింది. ఆ మాట మీరు చర్చిలో నిలబడి చెబితే తీసుకొస్తాను" అన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్లిపోయారు.

మా అత్తయ్య నా కాళ్లు పట్టుకుంది. "గంట కొడతానంటున్నారే తల్లీ! నీ పంతానికి నా కొడుకుని దిక్కులేకుండా చేస్తావా?" నా పంతం కాదత్తయ్యా, ఆయన మాట అన్నాను. ఇంకేం చెప్పను? మనసు రాయి చేసుకుని వీర్రాజుకు కబురు పెట్టాను. వాడు ఎవర్ని అడిగాడో, ఏం చెప్పాడో, బస్సు తీసుకొచ్చి వాకిట్లో పెట్టాడు. సీట్ల మధ్య శవపెట్టె ఉంచి, ఆ పక్కన నేనూ అత్తయ్యా కూర్చున్నాం. పాలమనిషి, మా స్కూలు టీచర్లు ఇద్దరు, షెడ్డు మనుషులు కొందరు ఎక్కారు. చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డ దగ్గర ఏటి మీద కట్టిన కాలవ వంతెన మీదుగా దివిసీమలోకి వెళ్లాం. దారి పొడుగునా అత్తయ్య పెట్టె మీద చెయ్యి వేసుకునే కూర్చుంది. వాన కిటికీలోంచి ఆమె మీద పడుతున్నా జరగలేదు.

వాళ్ల ఊళ్లో కాలవ గట్టు వెంబడి పాత సమాధులు కొన్ని ఉన్నాయి. అవి ఏ చర్చివీ కావు. వాళ్ల నాన్నను పూడ్చింది కూడా అక్కడే. మట్టి తడిసి మెత్తగా ఉంది, గొయ్యి తొందరగానే తవ్వారు. పాస్టరు లేరు. నేను ప్రార్థన మొదలుపెట్టి సగంలో ఆపేశాను. అందరూ నిలబడి ఉన్నారు. ఎవరైనా ఏదైనా అంటారేమోనని ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"మట్టి వెయ్యండి అత్తయ్యా, ముందు మీరే వెయ్యాలి" అన్నాడు వీర్రాజు.

మా అత్తయ్య వంగి రెండు చేతులా మట్టి తీసుకుంది. గొయ్యి అంచున చాలాసేపు నిలబడింది. కొడుకు పోయినప్పటి నుంచి ఏడవని మనిషి అప్పుడు కూడా ఏడవలేదు. కాలవ అవతల నాట్లు వేస్తున్నవాళ్లు తలెత్తి చూసేంత గట్టిగా, "నా కొడుకు తాగలేదు" అంది. మట్టి వేసింది.

తర్వాత నేను వేశాను. "ఆయన తాగలేదు" అన్నాను. వీర్రాజు చేతులు తుడుచుకుని ముందుకొచ్చి మట్టి తీసుకుని, "మా బావ తాగలేదు" అన్నాడు. పాలమనిషి అంది. టీచర్లు అన్నారు. షెడ్డు మనుషులు అన్నారు. ఆ ఊరివాళ్లు, ఆయన్ను చిన్నప్పుడు చూసినవాళ్లు, ఒక్కొక్కరే వరసగా వచ్చి, మట్టి వేస్తూ అదే మాట అన్నారు.